చర్చి గొంతు, ప్రేమ పాట

అమెరికా జనప్రియ సంగీత చరిత్రలో 1957వ సంవత్సరం రాక్ అండ్ రోల్ ఉద్ధృతికీ, ఎల్విస్ ప్రెస్లీ పేరుకూ ముడిపడి గుర్తుండిపోయింది. అయితే ఆ ఏడాది చివరి నెలలలో దేశమంతటా వినిపించిన ఒక నెమ్మదైన ప్రేమపాట, రాబోయే దశాబ్దంలో నల్లజాతి గాయకులు పాడే తీరునే మార్చివేయబోతున్నదని అప్పుడు గుర్తించినవారు తక్కువ. "యూ సెండ్ మీ" అనే ఆ పాటను పాడిన సామ్ కుక్‌కు అప్పటికి ఇరవై ఆరేళ్లు. సొంత పేరుతో, చర్చికి వెలుపలి పాటల గాయకుడిగా ఆయన విడుదల చేసిన మొదటి రికార్డు అదే. పాట సాహిత్యాన్ని కాగితం మీద పెట్టి చదివితే అందులో కథ లేదు, ఉపమానం లేదు, చెప్పుకోదగ్గ పదబంధమైనా లేదు. ఇంత తక్కువ మాటలున్న పాట పది లక్షలకు పైగా రికార్డులు అమ్ముడుపోయి, నల్లవారి శ్రోతలనూ తెల్లవారి శ్రోతలనూ ఒకేసారి ఎలా ఆకట్టుకోగలిగిందన్న ప్రశ్నకు సమాధానం ఆ పాటలో కన్నా దానిని పలికిన గొంతులోనూ, ఆ గొంతు తయారైన చోటులోనూ వెదకవలసి ఉంటుంది.

పాట సాధించినదేమిటో తెలియాలంటే ముందుగా ఆనాటి చార్టుల ఏర్పాటు తెలియాలి. చార్టు అంటే ఏ వారం ఏ రికార్డుకు ఎంత ఆదరణ లభించిందో వరుస క్రమంలో చెప్పే పట్టిక. సంగీత వ్యాపారపు వారపత్రిక అయిన "బిల్‌బోర్డ్" దుకాణాల అమ్మకాలనూ, రేడియోలో రికార్డులు వేసే డిస్క్ జాకీల ఎంపికలనూ, నాణెం వేస్తే కోరిన పాట వినిపించే జ్యూక్‌బాక్సుల లెక్కలనూ సేకరించి ఈ పట్టికలను ప్రకటించేది. నేడు అందరికీ తెలిసిన "హాట్ 100" అనే ఏకపట్టిక 1958 ఆగస్టులో గానీ మొదలు కాలేదు కనుక, 1957లో ఒకే రంగానికి ఒకటికి మించిన పట్టికలు పక్కపక్కనే నడిచేవి. వీటన్నిటికీ వేరుగా, నల్లజాతి ప్రజలు నివసించే పేటలలోని దుకాణాలనూ రేడియో కేంద్రాలనూ ఆధారం చేసుకున్న మరొక పట్టిక ఉండేది. 1942లో "హార్లెం హిట్ పరేడ్" అన్న పేరుతో మొదలైన ఆ పట్టిక కొంతకాలం "రేస్ రికార్డ్స్" అని, అంటే జాతి పేరుతోనే వ్యవహారంలో ఉండి, 1949లో అదే పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ సూచించిన "రిథమ్ అండ్ బ్లూస్" అన్న పేరు స్వీకరించింది. పేరు సంగీతానిదే అయినా ఆ పట్టిక వేరుచేసింది సంగీతాన్ని కాదు, కొనేవారి ఒంటి రంగును. ఒక పట్టికలోని పాట రెండవదానిలోకి ప్రవేశించడాన్ని వ్యాపార భాషలో "క్రాసోవర్" అనేవారు; నల్లజాతి గాయకునికి ఆ దాటడం జరిగితే ఆదాయం అనేక రెట్లు పెరిగేది, జరగకపోతే ఎంత పెద్ద గాయకుడైనా దేశంలో మూడు వంతుల మందికి పైగా అతని పేరైనా వినకుండానే ఉండిపోయేవారు.

సామ్ కుక్ 1931 జనవరి 22న మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టారు. తండ్రి చార్లెస్ కుక్ చర్చి బోధకుడు. కుటుంబం రెండేళ్లకే షికాగోకు తరలిపోయింది. దక్షిణాది పత్తి చేలను వదలి ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు లక్షల సంఖ్యలో నల్లవారు చేసిన మహావలసలో అదీ ఒక కుటుంబం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి "సింగింగ్ చిల్డ్రన్" అన్న పేరుతో తండ్రి బోధించే చోట్ల పాడేవారు. కౌమారంలో "హైవే క్యూసీస్" అనే కుర్రవాళ్ల గాన బృందంలో చేరిన కుక్, దాదాపు ఇరవై ఏళ్ల వయసులో, నాటి గాస్పెల్ ప్రపంచంలో అగ్రశ్రేణిదైన "సోల్ స్టిరర్స్" బృందానికి ప్రధాన గాయకుడయ్యారు. 1951 మార్చిలో ఆ బృందంతో ఆయన పాడిన మొదటి రికార్డులు లాస్ ఏంజెలెస్‌లోని స్పెషాల్టీ అనే కంపెనీ ద్వారా వెలువడ్డాయి.

గాస్పెల్ అంటే సువార్త. ఆ పేరుతో పిలిచే గానం అమెరికా నల్లజాతి క్రైస్తవుల ఆరాధన నుంచి పుట్టింది. క్వార్టెట్ అన్న మాటకు నలుగురు అని అర్థమైనప్పటికీ గాస్పెల్ క్వార్టెట్‌లో ఐదుగురో ఆరుగురో కూడా ఉండేవారు. వాద్యాలు లేకుండానో, ఒక్క గిటారు తోడుగానో, కొందరు శ్రుతి కలిపి వంతపాడుతుండగా ప్రధాన గాయకుడు ముందుకు వచ్చి పాటను పెంచుకుంటూ పోయేవాడు. కుక్‌కు ముందు సోల్ స్టిరర్స్‌ను నడిపించిన ఆర్. హెచ్. హారిస్ ఇద్దరు ప్రధాన గాయకులు వంతులవారీగా పాటను అందుకునే పద్ధతిని బలపరచారు. ఒకరు కథ చెప్పినట్టు నెమ్మదిగా మొదలుపెడితే, రెండవవారు గొంతు చించుకుని సభను ఆవేశంతో ఊపేసేవారు. హారిస్ స్థానంలోకి వచ్చిన కుక్‌కు ఈ రెండవ పని చేతకాలేదు. కేకపెట్టి పాడే బాధ్యతను పాల్ ఫాస్టర్ మోయగా, కుక్ తన గొంతుకు తగిన మరొక మార్గాన్ని వెదుక్కోవలసి వచ్చింది. ఇక్కడే ఆయన కళకు అసలు మలుపు ఉంది.

ఆ మార్గం ఏమిటో కర్ణాటక సంగీతం విన్న తెలుగు శ్రోతకు సులభంగానే బోధపడుతుంది. ఒకే అక్షరాన్ని పట్టుకుని దాన్ని అనేక స్వరాల మీదుగా నడిపించడాన్ని పాశ్చాత్యులు మెలిస్మా అంటారు. మన గమకం, సంగతి అన్న మాటలు దానికి సరిగ్గా సమానం కాకపోయినా, చెవికి దగ్గరి బంధువులు. నల్లజాతి చర్చిలో ఈ పద్ధతి తరతరాలుగా ఉన్నదే. కుక్ చేసిన పని దాన్ని తేలికపరచడం. పై స్వరాన్ని బలంగా ఢీకొనే బదులు, దాని అంచును తాకి, రెండు మూడు మెట్లు దిగి, మళ్లీ చిన్నగా లేచే "వో" అనే ఒక సాగదీత ఆయన గొంతుకు ముద్రగా స్థిరపడింది. ఒకసారి అందని పై స్వరాన్ని తప్పించుకోవడానికి కిందుగా వంచి పాడినప్పుడు అది పుట్టిందని సహగాయకులు చెప్పుకునేవారు. బైబిలులోని రక్తస్రావ రోగి కథను పాటగా మలచి 1956లో ఆయన పాడిన "టచ్ ద హెమ్ ఆఫ్ హిజ్ గార్మెంట్" వింటే, మరుసటి ఏడాది ప్రేమపాటలో వినిపించబోయే ప్రతి వంపూ అప్పటికే అక్కడ సిద్ధంగా ఉన్నదని తెలుస్తుంది. ఆ రోజులలో సోల్ స్టిరర్స్ సభలకు పెద్దలతోపాటు యువతీ యువకులు కూడా పెద్ద సంఖ్యలో రాసాగారు. గాయకుని రూపం కూడా అందుకు తోడైందని అందరూ గుర్తించారు.

అంత కీర్తి ఉన్నవాడు ఒక ప్రేమపాట పాడటానికి ఎందుకు వెనుకాడవలసి వచ్చిందన్నది తెలుగు పాఠకునికి కొంత వింతగా తోచవచ్చు. అన్నమయ్య సంకీర్తనలలో అధ్యాత్మ కీర్తనలూ శృంగార కీర్తనలూ ఒకే వేంకటేశ్వరునికి అంకితం. క్షేత్రయ్య పదాలలో నాయిక విరహమంతా మువ్వగోపాలుని కోసమే. దైవాన్ని ప్రియునిగా పాడటం ఇక్కడ తప్పు కాకపోగా ఒక సంప్రదాయమే అయింది. అమెరికా నల్లజాతి చర్చి కట్టుబాటు ఇందుకు భిన్నమైనది. అక్కడ పాట అంటే కళ కన్నా ముందుగా సాక్ష్యం. రక్షణ పొందిన మనిషి సభ ఎదుట నిలబడి తన అనుభవాన్ని చాటడం. అదే గొంతు శనివారం రాత్రి నాట్యశాలలో స్త్రీపురుష ప్రేమ గురించి పాడి, ఆదివారం ఉదయం దేవుని గురించి పాడితే, ఆ సాక్ష్యం అబద్ధమైపోతుందని విశ్వాసులు భావించేవారు. లౌకిక సంగీతాన్ని సైతాను సంగీతమని తిట్టిపోయడం ఆవేశంలో అన్న మాట కాదు, వారి నమ్మకమే. గాస్పెల్ గాయకుడు గీత దాటాడంటే అతనికి తిరుగుదారి మూసుకుపోయేది. అతని పాత రికార్డులను కూడా జనం కొనడం మానేస్తారన్న భయం కంపెనీలకూ ఉండేది.

ఆ గీతను మొదట చెరిపినవాడు కుక్ కాదు. 1954 నవంబరులో రే చార్లెస్ ఒక గాస్పెల్ పాట బాణీనే తీసుకుని, దేవుని స్థానంలో ఒక స్త్రీని నిలిపి, "ఐ గాట్ ఎ వుమన్" అనే పాటను రికార్డు చేయగా అది 1955లో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. కానీ అది ఆ పట్టికలోనే ఆగిపోయింది. తెల్లవారి దుకాణాలలోకి అడుగుపెట్టలేదు. కుక్ మొదటి ప్రయత్నం కూడా ఇదే పద్ధతిలో సాగింది. 1956 డిసెంబరులో న్యూ ఆర్లియన్స్‌లో, సోల్ స్టిరర్స్‌తో తాను పాడిన "వండర్‌ఫుల్" అనే భక్తిగీతాన్నే "లవబుల్" అనే ప్రేమగీతంగా మార్చి పాడారు. చర్చి శ్రోతలు ఆగ్రహించకుండా స్పెషాల్టీ కంపెనీ దాన్ని "డేల్ కుక్" అనే మారుపేరుతో విడుదల చేసింది. ఆ ముసుగు ఎవరినీ మోసగించలేకపోయింది. పేరు మార్చుకున్నా గొంతు మార్చుకోలేదు గదా. రేడియోలో మొదటి సాగదీత వినగానే అభిమానులు గుర్తుపట్టేశారు. రికార్డు అంతగా అమ్ముడుపోలేదు, రహస్యం కూడా దక్కలేదు. ఇక దాటితే బాహాటంగా దాటవలసిందేనని ఆయనకు నచ్చజెప్పినవారిలో గాస్పెల్ గాయకుడూ స్నేహితుడూ అయిన జె. డబ్ల్యు. అలెగ్జాండర్ ఒకరు, స్పెషాల్టీలో నిర్మాతగా ఉన్న రాబర్ట్ "బంప్స్" బ్లాక్‌వెల్ మరొకరు. రికార్డింగ్ రంగంలో నిర్మాత అంటే పాట ఎంపిక, వాద్యగాళ్ల కూర్పు, గాయకుణ్ణి తీర్చిదిద్దడం అన్నీ చూసుకునే వ్యక్తి. అంతకు రెండేళ్ల ముందు లిటిల్ రిచర్డ్ చేత "టుట్టీ ఫ్రుట్టీ" పాడించి రాక్ అండ్ రోల్‌కు ఒక గర్జన ఇచ్చినది ఈ బ్లాక్‌వెల్లే.

1957 జూన్ 1న హాలీవుడ్‌లోని రేడియో రికార్డర్స్ స్టూడియోలో బ్లాక్‌వెల్ ఏర్పాటు చేసిన రికార్డింగు లిటిల్ రిచర్డ్ రికార్డింగుల వాతావరణానికి పూర్తిగా దూరంగా ఉంది. శాక్సఫోన్ల హోరు లేదు. అంతకుముందు మిల్స్ బ్రదర్స్ వెంట వాయించిన క్లిఫ్ వైట్ గిటారు పట్టారు. వాద్యాల కూర్పు రెనే హాల్‌ది. వెనుక బృందగానానికి లీ గాచ్ సింగర్స్ అనే తెల్లజాతి గాయనీ గాయకులను పిలిపించారు. కుక్ సొంతంగా కట్టిన "యూ సెండ్ మీ"తోపాటు, జార్జ్ గెర్ష్విన్ 1935 నాటి సంగీత నాటకంలోని "సమ్మర్‌టైమ్" పాటను కూడా ఆ రోజు రికార్డు చేశారు. స్పెషాల్టీ యజమాని ఆర్ట్ రూప్ మధ్యలో స్టూడియోకు వచ్చి ఇదంతా చూసి మండిపడ్డారు. నల్లవారి చర్చి గానంలోని వేడిని అమ్మి కంపెనీని నిలబెట్టుకున్న మనిషికి, ఆ మెత్తని బృందగానం ఆ వేడిని చల్లార్చే నీళ్లలా తోచింది. ఆయన దృష్టిలో ఇది అటు గాస్పెల్ శ్రోతలనూ పోగొట్టుకుని ఇటు కొత్తవారినీ తెచ్చుకోలేని పని.

రూప్ సంగీతాభిరుచి తక్కువవాడు కాదు. గాస్పెల్‌ను ఆయనంత శ్రద్ధగా రికార్డు చేసిన వ్యాపారులు అరుదు. అయినా ఆ రోజు ఆయన చెవి పొరబడింది. మాటా మాటా పెరిగిన మీదట కుదిరిన ఒప్పందం రికార్డు వ్యాపార చరిత్రలో అతి ఖరీదైన తప్పులలో ఒకటిగా నిలిచింది. స్పెషాల్టీ నుంచి తనకు రావలసిన రాయల్టీలను, అంటే అమ్మకాలపై వచ్చే వాటా సొమ్మును, బ్లాక్‌వెల్ వదులుకోగా, బదులుగా రూప్ ఆ రోజు రికార్డు చేసిన పాటలతోపాటు సామ్ కుక్ కాంట్రాక్టును కూడా ఆయనకే వదిలివేశారు. విమాన విడిభాగాల వ్యాపారి జాన్ సయామస్, సంగీతజ్ఞుడు బాబ్ కీన్ కలిసి అప్పుడే ప్రారంభిస్తున్న కీన్ అనే కొత్త కంపెనీకి ఆ పాటలు చేరాయి. 1957 సెప్టెంబరులో కీన్ విడుదల చేసిన రికార్డు మీద గాయకుని ఇంటిపేరు చివర ఒక ఆంగ్లాక్షరం కొత్తగా చేరింది; పలకడంలో తేడా లేకపోయినా, ఆ "ఇ" అక్షరం పాత జీవితానికీ కొత్త జీవితానికీ మధ్య ఆయన స్వయంగా గీసుకున్న గీత.

పాట పేరులోని "సెండ్" అన్న క్రియకు సాధారణార్థం పంపడం. కానీ జాజ్ సంగీతకారుల వాడుకలో దానికి పరవశింపజేయడం అన్న అర్థం అప్పటికి చాలా ఏళ్లుగా ఉంది; మంచి పాట విని తెలుగువారు "ఎక్కడికో వెళ్లిపోయాను" అన్నప్పుడు పలికే భావమే అది. పాట నిర్మాణం ఎంతో సామాన్యమైనది. ఒకే వరస రెండుసార్లు నడిచి, మధ్యలో బాణీ చిన్న మలుపు తిరిగి, తిరిగి మొదటి వరస దగ్గరకే చేరుతుంది. మొదట తాత్కాలికమనుకున్న ఆకర్షణ నిలిచిపోయిందనీ, పెళ్లి చేసుకుని ఇంటికి తీసుకువెళ్లాలని ఉందనీ ఆ మలుపులో చెప్పడం తప్ప మిగిలిన పాటంతా ఒకే వాక్యపు పునరుక్తి. గాస్పెల్‌తో పరిచయం లేనివారికి ఇది లోపంగా కనిపించవచ్చు. ఉన్నవారికి ఇది సుపరిచితమైన పద్ధతి. చర్చిలో ప్రధాన గాయకుడు ఒక చిన్న వాక్యాన్ని పట్టుకుని పదిసార్లు పలుకుతాడు, పలికిన ప్రతిసారీ దానికి కొత్త వంపు ఇస్తాడు, అర్థం పెరగదు గానీ అనుభవం చిక్కబడుతుంది. కుక్ ఈ పాటలో చేసింది అదే. మొదటిసారి పలికినప్పుడు మాట దాదాపు సంభాషణలా ఉంటుంది. పోనుపోను ఆ మాట చివరి అక్షరం కరిగి "వో" అనే సాగదీతలోకి జారిపోతుంది. చివరకు మాటలకు, మాటలు లేని ఆ ధ్వనికి తేడా తెలియకుండా పోతుంది.

మాటలు తక్కువగా ఉండటం వల్ల గొంతుకు చోటు దొరికింది. సోల్ స్టిరర్స్‌లో ఫాస్టర్ కేకల పక్కన నిలబడి, అరవకుండానే వేలమందిని కదిలించడం ఆరేళ్లపాటు సాధన చేసినవానికి ఈ నిరాడంబరత చేతకానితనం కాదు, అలవడిన సంయమనం. రూప్‌కు అడ్డమనిపించిన బృందగానం కూడా ఈ చోట ఒక ఉపకారం చేసింది: చదునైన, ఊహించదగిన ఆ నేపథ్యం మీద ప్రధాన గాయకుని ప్రతి చిన్న వంపూ స్పష్టంగా కనబడింది. తెల్లజాతి శ్రోతకు నేపథ్యం సుపరిచితం, గొంతు కొత్త. నల్లజాతి శ్రోతకు గొంతు సుపరిచితం, నేపథ్యం కొత్త. ఒకే రికార్డులో ఇద్దరికీ ఆసరా దొరికింది.

కీన్ కంపెనీ మాత్రం "సమ్మర్‌టైమ్" పాటమీద ఆశ పెట్టుకుంది. నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డుకు రెండు పక్కలా చెరొక పాట ఉండేది; ప్రచారం చేసే పాట ఒక పక్క, దానికి తోడుగా మరొకటి రెండో పక్క. డిస్క్ జాకీలు కొద్దిరోజులకే రికార్డును తిప్పి వేయసాగారు, శ్రోతలు తిప్పిన పక్కనే అడగసాగారు. శరదృతువు ముగిసేసరికి "యూ సెండ్ మీ" రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ప్రథమ స్థానానికి చేరి ఆరు వారాలు అక్కడే నిలిచింది. పాప్, అంటే సాధారణ జనప్రియ సంగీతపు పట్టికలో ఎల్విస్ "జైల్‌హౌస్ రాక్"ను తోసిరాజని అక్కడా మొదటి స్థానంలో కూర్చుంది. అదే సమయంలో తెల్లజాతి గాయని టెరెసా బ్రూవర్ ఇదే పాటను పాడి రికార్డు విడుదల చేశారు. ఒకరి పాటను మరొకరు తిరిగి పాడటాన్ని కవర్ అంటారు. 1950ల మొదటి సగంలో నల్లవారి పాట కొద్దిగా పేరు తెచ్చుకోగానే తెల్లవారి చేత కవర్ చేయించి, అసలు పాడినవానికి దక్కవలసిన శ్రోతలను లాగేసుకోవడం రికార్డు కంపెనీలకు పరిపాటి. బ్రూవర్ రికార్డు కూడా ఎనిమిదవ స్థానం వరకు వెళ్లింది. అయినా జనం అసలు గొంతునే ఎక్కువగా కోరుకున్నారు.

ఆ వారాలలో దేశంలో జరుగుతున్నవి పక్కన పెట్టుకుని చూస్తే ఈ గెలుపు బరువు తెలుస్తుంది. 1957 సెప్టెంబరులో, రికార్డు దుకాణాలకు చేరుతున్న రోజులలోనే, ఆర్కాన్సాస్ రాష్ట్రపు లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను తెల్లవారి ఉన్నత పాఠశాలలోకి పంపడానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని దించవలసి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, కుక్ పుట్టిన మిసిసిపీలోనే, తెల్లజాతి స్త్రీని చూసి ఈల వేశాడన్న ఆరోపణతో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల బాలుణ్ణి చంపివేశారు. 1956 ఏప్రిల్‌లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నాట్ కింగ్ కోల్ వేదిక మీద పాడుతుండగానే తెల్లజాతి దుండగులు దాడి చేశారు. అటువంటి కాలంలో ఒక నల్లజాతి యువకుడు మృదువైన గొంతుతో, సవినయంగా, పెళ్లి మాట ఎత్తుతూ పాడిన ప్రేమపాట తెల్లవారి ఇళ్లలోని రేడియోలలో ఇంటిమనిషిలా వినిపించింది. పాటలో నిరసన లేదు, ఆ ఉద్దేశమూ లేదు. కానీ ఎవరు ఎవరి గురించి ప్రేమగా పాడవచ్చునన్నదానికి కూడా హద్దులున్న సమాజంలో ఆ మృదుత్వాన్ని భయం లేకుండా పలకడం సామాన్య విషయం కాదు.

ఇదే కాలంలో స్పెషాల్టీ కంపెనీలో మరొక తలుపు ఎదురు దిశలో తెరుచుకుంది. కుక్ చర్చి నుంచి ప్రేమపాటలోకి వస్తుండగా, లిటిల్ రిచర్డ్ 1957 అక్టోబరులో ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో రాక్ అండ్ రోల్‌ను విడిచి దైవసేవకు వెళుతున్నట్టు ప్రకటించారు. ఇద్దరు గాయకులను ఒకేసారి పోగొట్టుకున్న రూప్, కుక్ పాడిన పాత రికార్డింగు ఒకటి బయటకు తీసి, దానికి అదనపు గానం, వాద్యాలు చేర్పించి "ఐల్ కమ్ రన్నింగ్ బ్యాక్ టు యూ" అన్న పేరుతో విడుదల చేయగా అది కూడా రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానం అందుకుంది. జూన్ నెలలో ఆయన కాదన్న పద్ధతికి అదే ఆయన చేతులతో దక్కిన అంగీకారం.

నవంబరు 3న దేశమంతటా పేరున్న ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమానికి కుక్‌ను ఆహ్వానించారు. ప్రత్యక్ష ప్రసారం చివరలో ఆయన పాట మొదలుపెట్టారో లేదో నిర్ణీత సమయం అయిపోయి ప్రసారం తెగిపోయింది. నల్లజాతి ప్రేక్షకులు, వారి పత్రికలు తీవ్రంగా నొచ్చుకున్నాయి; ఉత్తరాలు వెల్లువెత్తాయి. డిసెంబరు 1న ఆయనను మళ్లీ పిలిచి పూర్తిగా పాడించారు. తెగిపోయిన మొదటి ప్రదర్శన రికార్డు అమ్మకాలకు చేసిన మేలు తక్కువేమీ కాదు.

రికార్డు మీద రచయిత పేరు చూసినవారికి మాత్రం ఆశ్చర్యం కలిగేది; అక్కడ ఉన్నది సామ్ కుక్ పేరు కాదు, తమ్ముడు ఎల్. సి. కుక్ పేరు. ఒక రికార్డు అమ్ముడైనప్పుడు గాయకునికి వచ్చే సొమ్ము వేరు, పాటను కట్టినవానికీ ఆ పాట ప్రచురణ హక్కు ఉన్న సంస్థకూ వచ్చే సొమ్ము వేరు. కవర్ ఎవరు పాడినా ఈ రెండవ సొమ్ము వస్తూనే ఉంటుంది. పాటల రచయితగా కుక్ అప్పటికింకా రూప్ ప్రచురణ సంస్థకు కట్టుబడి ఉన్నందున, తన పాట ఆదాయం అక్కడికి చేరకుండా తమ్ముని పేరు వేయించారు. ఆ ఏడాది కుక్ నేర్చుకున్న పాఠాలలో గానానికి సంబంధించనిది ఇదొక్కటే గానీ, అదే ఆయన తరువాతి జీవితాన్ని నడిపించింది. కీన్ నుంచి రావలసిన రాయల్టీల కోసం కూడా ఆయన న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది.

విజయం వెంటనే సుఖాన్ని తేలేదు. 1958 మార్చిలో న్యూయార్క్‌లోని కోపకబానా అనే ఖరీదైన క్లబ్బులో ఇచ్చిన ప్రదర్శన నిరాశపరచింది. ఆ ప్రేక్షకులకు తగ్గ పాటలనే ఎంచుకుని తన సహజ ధోరణిని మరుగుపరచడం అందుకు ముఖ్య కారణం. ఆరేళ్ల తరువాత 1964లో అదే వేదిక మీద ఆయన ఘనంగా నెగ్గారు. ఆ రెండు ప్రదర్శనల మధ్యకాలంలో "వండర్‌ఫుల్ వరల్డ్", "చైన్ గ్యాంగ్" వంటి పాటలు ఎంత ఆదరణ పొందినా, పాప్ పట్టికలో ప్రథమ స్థానం ఆయనకు మళ్లీ దక్కలేదు. 1964 డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్‌లో కాల్పులకు గురై ఆయన మరణించేనాటికి వయస్సు ముప్పై మూడేళ్లు. పౌరహక్కుల ఉద్యమానికి గీతంగా మారిన "ఎ చేంజ్ ఈజ్ గాన కమ్" సింగిల్ రికార్డుగా వెలువడినది ఆ తరువాతే.

"సోల్" అనే మాట, అంటే ఆత్మ, 1957లో ఒక సంగీత శాఖ పేరుగా స్థిరపడలేదు. బిల్‌బోర్డ్ తన రిథమ్ అండ్ బ్లూస్ పట్టిక పేరును "సోల్" అని మార్చినది 1969లో. ఆ పన్నెండేళ్లలో జరిగినదంతా ఒక విధంగా కుక్ తెరిచిన దారిలోనే సాగింది: చర్చిలో పెరిగిన గొంతులు, చర్చి పద్ధతులను వదలకుండానే, మనుషుల మధ్య ప్రేమను పాడాయి. ఓటిస్ రెడ్డింగ్ 1964లో వెలువడిన తన మొదటి ఆల్బములోనే "యూ సెండ్ మీ" పాడారు. డెట్రాయిట్ బోధకుడు సి. ఎల్. ఫ్రాంక్లిన్ కుమార్తె అరీతా, చిన్ననాటి నుంచి కుక్‌ను తమ గాస్పెల్ సభలలో చూస్తూ పెరిగిన మనిషి. ఆయన వెళ్లిన దారినే తానూ వెళ్లి, 1968లో అదే పాటను పియానో మీద తన పద్ధతిలో పాడి రికార్డు చేశారు. ఆమె గొంతులో సంయమనం తక్కువ, జ్వాల ఎక్కువ. అయినా ఒకే వాక్యాన్ని పట్టుకుని పదేపదే కొత్తగా పలికే ఆ చర్చి పద్ధతిని ఇద్దరిలోనూ ఒకే తీరున వినవచ్చు.

కుక్ మాత్రం తాను దాటిన గీత మీద ఇతరులకు వంతెన వేయడానికి తన సొమ్ము, సమయం వెచ్చించారు. అలెగ్జాండర్‌తో కలిసి క్యాగ్స్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థలో భాగస్వామి అయి, 1959లో సార్ రికార్డ్స్ అనే సొంత కంపెనీని స్థాపించి, మొదట తన పాత బృందం సోల్ స్టిరర్స్‌కే అందులో చోటు ఇచ్చారు. క్లీవ్‌ల్యాండ్‌కు చెందిన వోమాక్ సోదరులు ఐదుగురు గాస్పెల్ పాడుతూ అక్కడకు రాగా, వారి భక్తిగీతం ఒకదాన్ని 1962లో "లుకింగ్ ఫర్ ఎ లవ్" అనే ప్రేమపాటగా మార్పించి, వాలెంటినోస్ అన్న కొత్త పేరుతో విడుదల చేశారు. లౌకిక సంగీతంలోకి వెళ్లినందుకు వారి తండ్రి కొడుకులను ఇంటి నుంచి పంపివేయగా, లాస్ ఏంజెలెస్‌కు రావడానికి కారు కొనుక్కొమ్మని డబ్బు పంపినది కూడా సామ్ కుకే. ఆ సోదరులలో బాబీ వోమాక్ కట్టిన "ఇట్స్ ఆల్ ఓవర్ నౌ" పాటను 1964లో రోలింగ్ స్టోన్స్ అనే ఆంగ్ల యువక బృందం కవర్ చేసింది. తమ పాటను మరొకరు ఎత్తుకుపోతున్నారని బాబీ మొదట మండిపడ్డాడు. అది బ్రిటన్‌లో ఆ బృందానికి మొట్టమొదటి ప్రథమ స్థానం సంపాదించి పెట్టింది. పాట హక్కు క్యాగ్స్ మ్యూజిక్‌ది కనుక, అమ్ముడైన ప్రతి రికార్డు మీదా వాటా సొమ్ము ఈసారి పాట పుట్టిన చోటికే వచ్చింది.